బెల్లపు సంచిపై అక్షరము

అనకాపల్లిలో బెల్లమును తూచి వేలమువేయు కొలగారములలో తెల్లవాఱుజామున బండ్లు దిగు బెల్లపు దిమ్మలకు పేరు లేదు. బుచ్చయ్యపేట, చోడవరము, రోలుగుంట పరిసరముల రైతు గానుగ ప్రక్కన రాత్రియంతయు నిలిచి, చెఱకు రసమును పెనములో కాచి, పైకి తేలిన మడ్డిని తీసి, పాకపు ముదురు లేతలను వ్రేళ్ల నడుమ పరీక్షించి, అచ్చులలో పోసి చల్లార్చిన ఆ దిమ్మ, కాటా యెక్కు క్షణము వఱకు మాత్రమే ఫలానావాని బెల్లము; వేలపుపాట ముగిసిన పిదప అది రంగును బట్టి మొదటి రకమో, రెండవ రకమో, మూడవ రకమో అగును గాని, దానిని వండిన చేతి గుర్తు దానిమీద నిలువదు. ఒడిస్సాకును బెంగాలుకును తరలిపోయిన ఆ బెల్లమును పాయసములో వేసికొను గృహిణి, అది కమ్మగా నున్నచో మెచ్చుకొనుటకు గాని, పంటి క్రింద ఇసుక తగిలినచో నిలదీయుటకు గాని, ఎవరి పేరు తలచవలెనో యెఱుగదు. వందయేండ్లకు మించిన ఖ్యాతి గల బజారు అది. దేశములోని మిక్కిలి పెద్ద బెల్లపు బజారులలో నొకటి. అయినను ఆ ఖ్యాతి యంతయు ఊరిదే కాని, వండినవానిది కాలేదు.

ఈ ఆలోచన నాలో మెదలుటకు కారణము మా బుచ్చయ్యపేటలోని ఒక పొదుపు సంఘపు ఇల్లాండ్రు. ఈ మండలము మొన్నమొన్నటి వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలోనిది. జిల్లా పేరు మాఱినను, వడ్డాది మీదుగా చోడవరము పోవు దారి కిరువైపుల చెఱకు తోటలు మాత్రము మాఱలేదు. ఆ ఇల్లాండ్రు దిమ్మ బెల్లమును పొడిచేసి, అరకిలో సంచులలో నింపి, తమ పేరుతో అమ్మదలచిరి. అచ్చాఫీసువారు గీసియిచ్చిన నమూనా నొకదానిని పట్టుకొని నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, ఈ చీటీ మీద ఏటేటి రాయాలో సెప్పండి” అని అడిగిరి. నమూనా చూచితిని. నాలుగంచులను చుట్టిన పూలతీగె, నడుమ ఒక గోపురము, దానిపై సూర్యోదయము, బంగారు రంగులో నొక ఇంగ్లీషు పేరు; అడుగున ఒక మూలలో, చీమలబారు వలె, బెల్లమునకు సంబంధించిన సమస్తమును ఇఱికించిన మూడు పంక్తులు. అందము లేదనలేము. కాని సంతలో కూర్చున్న మనిషి తన సరకును గూర్చి మొట్టమొదట చెప్పు మాట ఏదియో అది ఆ చీటీ మీద ఎక్కడను లేదు.

సంతలో సరకు ముందర మనిషి యుండును. ఏ యూరి బెల్లము, కొత్తదా పాతదా, పాయసములో వేసినచో పాలు విఱుగునా, కిలో యెంత యని అడిగినచో ఆమె చెప్పును. ఒక పలుకు విఱిచి నోటిలో వేసికొమ్మని ఇచ్చును. తూకములో మోసమున్నదని తోచినచో మరల కాటా వేయుమనవచ్చును. అదే సరకు సంచిలో మూయబడి యెక్కడో దూరపు పట్టణపు దుకాణములో అటక యెక్కినప్పుడు ఆ మనిషి లేదు. ఆమె స్థానములో నిలిచి, ఆమె చెప్పవలసిన మాటలను ఆమెవలెనే సూటిగా చెప్పవలసినది ఆ చీటీ. లేబులు రచనను గూర్చి నేను నేర్చుకొన్నదంతయు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే. అయితే ఆ మాటలు చెప్పుటకు ముందు, చెప్పిన మాట నిలుచునట్లు సరకును కాపాడవలసినది సంచి. కనుక మొదట సంచి సంగతి.

బెల్లమునకు పరమశత్రువు గాలిలోని తేమ. చెఱకు రసములో ప్రధానమైన తీపి పదార్థము సుక్రోజు. రసము పులిసినను, కాచునప్పుడు ఆమ్లత్వము మిగిలినను, నఱికిన చెఱకు గానుగ కెక్కుటలో జాప్యమైనను, ఆ సుక్రోజులో కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చిన్న చక్కెరలుగా మాఱును. మన రైతులు మరుగు రసములో సున్నపుతేట కలుపుటలోని అంతరార్థము ఇదియే: ఆమ్లమును అణచి ఆ విచ్ఛిత్తిని తగ్గించుట. ఎంత జాగ్రత్తపడినను కొంత విడిపోక తప్పదు. ఈ విడిపోయిన చక్కెరలు, అందును ఫ్రక్టోజు, గాలిలోని నీటి ఆవిరిని ఆశగా లాగికొను స్వభావము గలవి. అందుచేతనే పంచదార డబ్బా వానకాలమును సునాయాసముగా దాటిపోవుచుండగా, బెల్లపు దిమ్మ ఆషాఢమాసము రాగానే చెమర్చి, జిగురై, నీరు కారును. ఒకసారి ఉపరితలమున పలుచని పాకపు పొర యేర్పడెనా, అందులో బూజును పులియబెట్టు సూక్ష్మజీవులును నివాసమేర్పఱచుకొనును. అవి మరికొంత సుక్రోజును విడగొట్టును. విడిపోయిన కొలదియు తేమ మరింతగా వచ్చి చేరును. రోగము తన్ను తానే పెంచుకొను విధమిది. ఘనరూపమున నున్న బెల్లములో తేమ నూటికి పదివంతులు మించరాదని మన ఆహారభద్రతా ప్రమాణము విధించుటకు కారణము ఇదే.

పొడి చేసిన బెల్లమునకు ఈ యాపద ఇబ్బడిముబ్బడిగా పెరుగును. దిమ్మకు బయటి తొక్క మాత్రమే గాలికి తగులును. పొడి చేయగా ప్రతి రేణువునకును ఒక ఉపరితల మేర్పడును, తేమకు అన్ని వైపులనుండియు ద్వారములు తెఱచుకొనును, రేణువులు ఒకదానికొకటి అంటుకొని సంచిలోనే మరల దిమ్మ కట్టుకొనును. మన పెద్దలు బెల్లమును తాటాకు బుట్టలలోను, మూతి కట్టిన కుండలలోను, అటకమీద పొయ్యి వెచ్చదనము తగులునట్లు దాచిన తెలివికి మూలము ఈ ప్రకృతి ధర్మమే. నేటి సంచులలో కాగితపు సంచి కంటి కింపుగా నుండును గాని, నీటి ఆవిరి దానిగుండ గాలివలె పోవుచు వచ్చుచు నుండును. సాధారణమైన పాలిథీను పొర నీటి ఆవిరిని చాలవఱకు అడ్డగించును గాని, ప్రాణవాయువును అంతగా అడ్డగింపదు. అల్యూమినియపు రేకు పొర చేర్చిన సంచి రెండింటిని దాదాపు సంపూర్ణముగా ఆపును. కాని అది పలు పదార్థముల పొరలను అతికించి చేసినది కనుక, వాడి పాఱవేసిన పిమ్మట వేఱుచేసి మరల కరగించుట దుస్సాధ్యము, చివరకు మన చెఱువుగట్లనే చేరును. సరకును కాపాడుట, నేలను కాపాడుట అను ఈ రెండు ధర్మముల నడుమ నేను ఇల్లాండ్రకు చెప్పినది మధ్యేమార్గము: మందమైన పాలిథీను సంచి, సరిగా అతికిన మూతి, అంతకంటె ముఖ్యముగా, నింపుటకు ముందు పొడిని బాగుగ ఆరబెట్టుట. తడి బెల్లమును ఎంత మేలైన సంచిలో మూసినను, లోపలి తేమ లోపలనే చిక్కుకొని పని చేయును. దానిని బయటకు పంపు సంచి లేదు.

ఇక చీటీ. దీనిని చదువునది కన్ను, కంటికి దాని కొలతలు దానికున్నవి. మన చూపులో స్పష్టముగా కనబడు భాగము ఎంతటిదో తెలిసికొన్నవారికి ఆశ్చర్యము కలుగక మానదు: చేయి చాచి పట్టుకొన్న బొటనవ్రేలి గోరు ఎంత వెడల్పు కనబడునో, రమారమి అంతయే, కోణముగా చెప్పినచో సుమారు రెండు అంశలు. దాని కావల నున్నదంతయు రంగుగా, ఆకారముగా, మసకగా తోచును. కన్ను ఒకచోట సెకనులో నాలుగవ వంతు కాలము నిలిచి, వెంటనే మరియొక చోటికి దుముకుచు, ఆ తునకలను మెదడులో కూర్చుకొనును. దుకాణములో వరుసగా నిలిపిన సంచులమీద చూపు పడినప్పుడు, కనుక, తొలుత అందునది అక్షరము కాదు, రంగు, ఆకారము. ఆ రెండును పిలిచిన చోటికే స్పష్టమైన చూపు పోవును. పోయిన పిదప అక్కడ చదువదగిన మాట పెద్దదిగా లేనిచో, అది మరియొక సంచి మీదికి దుముకును.

ఈ రహస్యమును ప్రయోగశాలలు చెప్పకమునుపే ఎఱిగిన తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో ఆయన ప్రారంభించిన అమృతాంజనము, చిన్నగాజుబుడ్డియు పసుపుపచ్చని లేపనమును కలిసిన రూపముతో, అక్షరము రానివారి చేతికిని తప్పులేక చేరెను. పది అణాల వెలగల ఆ మందును సంగీతసభలలో ఊరకయే పంచి జనులకు పరిచయము చేసెననియు ప్రసిద్ధి. దాని లాభములనుండియే ఆంధ్రపత్రిక పుట్టినది, గ్రంథమాల పుట్టినది. ఇంచుమించు ఆ కాలముననే మాంచెస్టరు మిల్లులు మన దేశమునకు పంపు గుడ్డతానులమీద దేవతల బొమ్మలును, ఏనుగులును, పులులును గల రంగుల చీటీలను అతికించుచుండెడివి. చదువురాని కొనుగోలుదారు ఫలానా బొమ్మ గుడ్డ యని అడుగుటకు అవి తోడ్పడెను. ఆ బొమ్మలలో కొన్ని మన యిండ్ల గోడలమీదికి కూడ ఎక్కినవి. కాని ఆ చీటీలు ఒక పని చేసి మరియొక పని మానినవి: గుర్తింపు నిచ్చినవి, వివర మీయలేదు. ఆ గుడ్డ ఎంత పొడవు, ఎంత గంజి, ఎన్ని ఉతుకులు నిలుచును అను ప్రశ్నలకు పులి సమాధానము చెప్పదు గదా!

వివరము చెప్పవలసినది అక్షరమే. ఇక్కడ తెలుగువారికి మాత్రమే ప్రత్యేకమైన చిక్కొకటి యున్నది. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పుటకు పాఠకులు అనుమతింతురు గాక.

1862లో హెర్మన్ స్నెల్లెన్ అను డచ్చి నేత్రవైద్యుడు, ఆరోగ్యముగల కన్ను గుర్తింపగల అతి చిన్న అక్షరమునకు ఒక కొలత నిర్ణయించెను. అంశలో అరువదవ వంతునకు నిమిషమని పేరు. అక్షరపు మొత్తము ఎత్తు కంటియొద్ద ఐదు నిమిషముల కోణమును, అందలి ఒక్కొక్క గీత ఒక్క నిమిషపు కోణమును చేయవలెనని ఆయన లెక్క. సంచిని నలుబది సెంటీమీటర్ల దూరమున పట్టి చదువునప్పుడు ఐదు నిమిషములనగా మిల్లీమీటరులో పదింట ఆఱుపాళ్లకు, అనగా 0.6 మిల్లీమీటరునకు, రవంత తక్కువ. ఇది కనబడుటకు చివరి హద్దు మాత్రమే, సుఖముగా చదువుటకు దీనికి రెండు మూడింతలైన కావలెను. పొట్లపు సరకుల నియమములలో అక్షరమునకు కనిష్ఠముగా పేర్కొన్న ఎత్తు ఒక మిల్లీమీటరు. ఇది ఆ దూరమున ఎనిమిదిన్నర నిమిషముల కోణము. ఇంగ్లీషు పెద్దక్షరమునకు ఆ ఎత్తు ఎట్లో సరిపోవును, ఏలయన దాని గీతలన్నియు ఆ మిల్లీమీటరు నంతయు ఆక్రమించుకొని నిలుచును.

ఇప్పుడు మా యూరి పేరునే వ్రాసి చూతము: బుచ్చయ్యపేట. చకారము క్రింద చవొత్తు, యకారము ప్రక్కనుండి క్రిందికి దిగిన యవొత్తు, పకారము పైన ఏత్వము. ఒక్క పంక్తిలోనే మూడంతస్తులు. పైనున్న గుణింతపు గుర్తునకును క్రిందనున్న వొత్తునకును చోటీయవలసియున్నందున, నడిమి అక్షరము తానే సగమునకు తగ్గును, వొత్తు అంతకంటెను తగ్గును. మొత్తము ఎత్తు ఒక్క మిల్లీమీటరే యైనచో, వొత్తునకు దక్కునది ఐదింట రెండువంతులు. అది కంటియొద్ద మూడున్నర నిమిషముల కోణము కూడ కాదు. స్నెల్లెను హద్దునకు అది దిగువనున్నది. అనగా, చట్టము ప్రకారము సరిగనే అచ్చువేసిన చీటీమీద మా యూరి పేరు శాస్త్రప్రకారము ‘బుచయపేట’ యగును! చత్వారము వచ్చినవారి సంగతి చెప్పనక్కఱలేదు; నలుబది యేండ్లు దాటిన పిదప కంటిలోని కటకము తన సాగుడుగుణమును క్రమముగా కోల్పోవుటచేత, చదువదలచిన దానిని దూరముగా జరుపుకొందుము, జరిపిన కొలదియు అక్షరపు కోణము చిన్నదగును. మా తెలుగిండ్లలో వంటసరకులను ఎంచి కొను బాధ్యత తఱచుగా ఈ వయస్సు దాటిన ఇల్లాలిదే యని మఱువరాదు.

చిక్కు ఇంతటితో తీరలేదు. తెలుగు లిపికి గుండ్రదన మెక్కువ. తాటాకుమీద గంటముతో అడ్డగీతలు గీచినచో ఆకు చీలునను భయముచేత ఆ వంపులు ఏర్పడెనని పలువురి అభిప్రాయము. ఆ వంపుల నడుమ అక్షరములను వేఱుచేయునవి అతిసూక్ష్మములైన గుర్తులు: ద, ధ, థ లను విడదీయునవి ఒక గీటును ఒక చుక్కయును, ప, ష లను విడదీయునది కడుపులోని చిన్న కొక్కెము, బ, భ లకు భేదము క్రిందనున్న చీలిక. ప్లాస్టిక్కు సంచులమీద అచ్చువేయు ఫ్లెక్సో పద్ధతిలో మెత్తని రబ్బరు వంటి పలక సిరాను సంచిమీద ఒత్తును; ఒత్తిడికి సిరా అంచులు దాటి వ్యాపించును. పెద్దక్షరములో ఆ వ్యాప్తి కనబడదు. చిన్నక్షరములో థకారపు చుక్క పూడిపోవును, షకారపు కొక్కెము ముద్దయగును, సున్నలోని బోలు మూసికొనిపోవును. కాగితముమీద చూచి మెచ్చుకొన్న నమూనా సంచిమీది కెక్కినపుడు చదువరాకపోవుటకు ఇది హేతువు. కనుక తెలుగు చీటీకి తగిన అచ్చు ఏదనగా, గీతలు సమమైన మందము గలది, బోలులు విశాలముగా తెఱచియున్నది, వొత్తులు మఱీ కుంచించుకొనిపోనిది. సన్నని తోకలు తీర్చిన అలంకారపు అక్షరము పెండ్లి శుభలేఖకు శోభ. గడువు తేదీకి కాదు.

ఈ సందర్భముననే నాకు చిరకాలముగా బాధకలిగించు మాట చెప్పెదను. పొట్లములపై వివరములు దేవనాగరి లిపిలో హిందీయందు గాని, ఇంగ్లీషునందు గాని ఉండవలెనని నియమము. తక్కిన భాషలు అదనముగా వ్రాసికొనవచ్చునట. వ్రాసికొనవచ్చును, వ్రాయవలెనని లేదు. కావుననే తెలుగునేలమీద పండి, తెలుగుచేతులతో వండబడి, తెలుగింటి పొయ్యిమీదికి పోవు సరకు కూడ, తన్ను కొన్న ఇల్లాలితో ఆమె యెఱుగని భాషలో మాటలాడుచున్నది. పిల్లలకు పోయు మందు సీసామీద ఇదే మౌనము ఎంతటి అపాయకరమో ఊహించుకొనవచ్చును. ఆ ఇల్లాండ్రతో నేను పట్టుబట్టి చెప్పినది ఇదే: నియమము కోరిన ఇంగ్లీషును వ్రాయుడు, తప్పదు, కాని సరకు పేరు, తూకము, వెల, గడువు, మీ యూరు, ఈ ఐదును తెలుగున మొదట, పెద్దవిగా వ్రాయుడు.

ఏవేవి వ్రాయవలెనను వారి ప్రశ్నకు చట్టము చాలవఱకు సమాధానము చెప్పినది. 1977నాటి నియమములకు బదులుగా వచ్చిన 2011నాటి నియమముల ప్రకారము తూనికలు కొలతల శాఖ కోరుచున్నవి తయారుచేసినవారి లేక నింపినవారి పేరును చిరునామాయు, సరకు సాధారణ నామము, నికర తూకము, తయారైన నెలయు సంవత్సరమును, పన్నులన్నియు కలిపిన గరిష్ఠ చిల్లరధర, ఫిర్యాదు చేయుటకు దారి. ఆహారభద్రతా సంస్థ కోరుచున్నవి పదునాలుగు అంకెల నమోదు సంఖ్య, ఏమేమి కలిపిరో ఆ పట్టిక, వాడుటకు గడువు, శాకాహారమని తెలుపు ఆకుపచ్చ చుక్క మున్నగునవి. ఈ చుక్క చరిత్రలో నొక మంచి పాఠమున్నది. మాంసాహారమునకు గుర్తుగా మొదట గోధుమరంగు చుక్కను పెట్టిరి; చదరములోని రెండు గుండ్రని చుక్కలకు భేదము రంగొక్కటే. ఎఱుపు పచ్చల భేదము సరిగా తెలియని కన్నులు లోకమున తక్కువ కాదు; యూరోపు సంతతి పురుషులలో సుమారు పండ్రెండుగురి కొకరికి ఈ లోపమున్నదని లెక్క. అట్టివారికి ఆ రెండు చుక్కలును ఒక్కటే. అందుచేత 2020నాటి నియమములలో మాంసాహారపు గుర్తును త్రికోణముగా మార్చిరి. రంగుతో చెప్పిన మాటను ఆకారముతో కూడ చెప్పవలెనని ఇందువలన తేలినది. చిలీ దేశము 2016నుండి చక్కెరయో ఉప్పో మితిమీఱిన ఆహారములపై నల్లని అష్టభుజముల నచ్చువేయించుటలోను ఈ వివేకమే యున్నది: నలుపు, ఎనిమిది మూలలు, కొద్ది మాటలు. ఏ కన్నునకైనను చాలును.

తూకమును గూర్చి ఒక మాట. పొడుగైన పాత్రలో పోసిన నీరు ఎక్కువగా తోచుట పసిబిడ్డల భ్రమయని పియాజే అను స్విస్సు మనశ్శాస్త్రజ్ఞుడు ప్రయోగములతో చూపెను. పెద్దవారిలోను ఆ భ్రమ సంపూర్ణముగా పోదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. సన్నగా పొడుగుగా నిలిచిన సంచి పొట్టి సంచికంటె ఎక్కువ సరకు గలదిగా కనబడుట ఇందువలననే. కొందఱు వర్తకులు దీని నుపయోగించుకొని సంచిలో గాలిని నింపుదురు. తూకపు అంకెను సంచి ముఖముననే పెద్దదిగా వేయుమనుట ఈ కంటిభ్రమకు విరుగుడు. గడువు విషయములోను జనులకు సందిగ్ధత కలదు: ఫలానా తేదీ లోపల వాడవలెననుటయు, ఫలానా తేదీ వఱకు మిక్కిలి బాగుండుననుటయు ఒక్కటి కావు; మొదటిది దాటినచో తినరాదు, రెండవది దాటినచో రుచియో రంగో తగ్గవచ్చునని మాత్రమే. ఇక సంచిమీది నల్లగీతల పట్టీ. 1974 జూన్ 26న అమెరికాలోని ట్రాయ్ నగరపు దుకాణమున మొదటిసారిగా ఒక చూయింగుగమ్ము పొట్లముమీద దానిని యంత్రము చదివెను. చదువు యంత్రపు వెలుగు సాధారణముగా ఎఱుపు. ఎఱ్ఱని గీతలను తెల్లనిదానిపై అచ్చువేసినచో ఆ వెలుగులో రెండును ఒకటిగనే కనబడి యంత్రము గ్రుడ్డిదగును, గోధుమరంగు గీతలకును ఇంచుమించు అదే గతి. బెల్లపు సంచికి బెల్లపు రంగే యందమని గీతలను కూడ ఆ రంగున వేయుట ఇందుచేత పనికిరాదు. మొదట 890 అను అంకెలున్నచో మన దేశములో తయారైనదని కొందఱు తలతురు. అది ఆ సంఖ్యను కేటాయించిన భారతీయ సంస్థ గుర్తే కాని, సరకు పుట్టినచోటికి సాక్ష్యము కాదు.

అన్నిటికంటె గహనమైన ప్రశ్న రంగు తెచ్చినది. ఇల్లాండ్ర బెల్లపుపొడి ముదురు గోధుమరంగు. నమూనామీద గీసిన బెల్లపుముక్క పసిడిరంగు. “మనది నల్లగుంది, ఎవరు కొంటారండీ?” అని వారి బెంగ. బజారులో లేతపసుపు దిమ్మకు ధర యెక్కువ పలుకుట వాస్తవము. ఆ ధరకొఱకే కొందఱు పాకములో హైడ్రోసు అను సోడియము హైడ్రోసల్ఫైటును చల్లుదురు. అది రసములోని రంగు పదార్థములను క్షయకరించి లేతపఱచును. కాని దిమ్మలో గంధకపు శేషము మిగులును, పైగా గాలి తగిలిన కొలదియు పోయిన రంగు మరల కొంత తిరిగివచ్చును. బెల్లములో గంధకద్విఆమ్లజని పదిలక్షల పాళ్లకు 70 పాళ్లు మించరాదని ప్రమాణము. పదిపాళ్లు మొదలుకొని యున్నచో చీటీమీద తెలుపవలెనని మరియొక నియమము, ఏలయన ఉబ్బసము గలవారిలో కొందఱికి అది ఆయాసము కలిగించును. బెండమొక్కల జిగురుతోడను సున్నముతోడను మడ్డి తీసిన బెల్లము సహజముగనే కొంచెము ముదురు. అనకాపల్లిలో 1913నుండి నడచుచున్న చెఱకు పరిశోధనస్థానమువంటి సంస్థ చేరువనున్న ప్రాంతమునకు ఈ విషయములు కొత్తవి కావు. కొనువారికి మాత్రము ఎవరును చెప్పలేదు. చెప్పుటకు చోటెక్కడ? దిమ్మమీద లేదు. చీటీమీద ఉన్నది. ‘హైడ్రోసు కలుపలేదు, కనుక రంగు ముదురు’ అను ఐదుమాటలు గోపురముకంటెను సూర్యోదయముకంటెను విలువగలవని నేను చెప్పగా వారు వెంటనే గ్రహించిరి. అయితే ఒక నిబంధన పెట్టితిని: తాము స్వయముగా చూచి కొన్న పెనపు బెల్లమునకే ఆ మాట వ్రాయవలెను. అందుకొఱకే వంట వంటకొక సంఖ్య. బ్యాచ్ నంబరని అందఱు ఏదో సర్కారు లాంఛనముగా తలచునది నిజమునకు ఇదే: ఫలానా రైతు పెనమున, ఫలానానాడు దిగిన పాకము. ఎక్కడనో ఒక సంచిలో ఇసుక వచ్చినచో, ఆ సంఖ్యను పట్టుకొని వెనుకకు నడచి ఆ పెనము ముందర నిలువవచ్చును.

సంచిలోని సరకు కనబడవలెనని వారు పారదర్శకపు సంచి నెన్నుకొనిరి. అది మంచిదే, చూచి కొనుట మన అలవాటు. కాని దానిమీద గోధుమరంగు అక్షరములు వేయగా, వెనుకనున్న బెల్లములో అవి కరగిపోయినట్లు మాయమైనవి. కాంతిలో భేదము లేనిచోట రంగులో భేదమున్నను కన్ను సులభముగా చదువజాలదు. అక్షరముల క్రింద తెల్లని పూత నొకటి ముందుగా అచ్చువేయించి, దానిమీద నల్లగా వ్రాయించితిమి.

రెండవ నమూనా వచ్చిన సాయంకాలము, దీపములు పెట్టువేళ, ఆ సంచిని రోడ్డుమీది కిరాణా దుకాణములో నూనెడబ్బాల నడుమ నిలిపి, ఇల్లాండ్రలో నొకామె అత్తగారిని పిలిచి, రెండు బారల దూరమునుండి చదువుమంటిమి. అచ్చముగా ఆ దూరమునకు ఒక సెంటీమీటరు ఎత్తైన అక్షరము కావలెనని లెక్కగట్టి వేయించినది ‘బెల్లపుపొడి’ అను మాట. ఆమె తడుముకొనక చదివెను. దగ్గఱకు వచ్చి సంచి చేతికి తీసికొని, కొంచెము వెనుకకు జరిపి, తూకము చదివెను, వెల చదివెను. ఊరి పేరువద్ద ఆగి, కన్నులు చిట్లించి, “బుచ... బుచయ... మనూరేనేటే?” అని కోడలి నడిగెను. కోడలు నావైపు చూచినది. పూలతీగె ఇంకను ఆ చీటీ అంచులను విడువలేదు. నాలుగు వైపుల నుండి అఱసెంటీమీటరు చోటును అది తినుచుండెను. ఆ రాత్రియే అచ్చాఫీసువారికి కబురుపెట్టి తీగెను తీసివేయించి, ఆ చోటంతయు ఊరిపేరు క్రిందనున్న వొత్తుల కిప్పించితిమి.